‘ఆపరా’ అంటే ఆగనివి: పిల్లల టిక్స్‌పై మీ ప్రశ్నలు

పిల్లల్లో కళ్ళార్పడం, భుజాలెగరేయడం, గొంతులో శబ్దాలు చేయడం లాంటివి, అంటే అదుపు లేకుండా పదే పదే వచ్చే టిక్స్ గురించి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి పిల్లల నరాల వైద్యులు, క్లినికల్ సైకాలజిస్టు కలిసి రాసిన జవాబులివి. ఉత్తరాలను కుదించాం. పేర్లు వేయడం లేదు.

మా బాబుకి ఏడేళ్ళు. దసరా సెలవుల్లో కళ్ళు టపటపా ఆర్పడం మొదలుపెట్టాడు. కళ్ళ డాక్టరు గారు సైటు లేదని చుక్కల మందు ఇచ్చారు. మూడు వారాల్లో అది తగ్గి, ముక్కు ఎగబీల్చడం వచ్చింది. ఇప్పుడు కుడి భుజం ఎగరేస్తున్నాడు. వాళ్ళ నాన్న గట్టిగా అరిస్తే కాసేపు ఆపుతాడు, మళ్ళీ మామూలే. ‘ఆపగలుగుతున్నాడంటే కావాలని చేస్తున్నట్టే కదా’ అంటారాయన. మా అత్తయ్య దిష్టి అంటున్నారు. ఏమిటిది? (ఒక తల్లి, నంద్యాల)

మీరు రాసిన వరసలోనే సగం జవాబు ఉంది. ఒకటి తగ్గుతుంటే ఇంకొకటి తలెత్తడం, నడుమ కొన్నాళ్ళు ఏమీ లేకపోవడం, ముఖంలో మొదలై మెల్లగా మెడకూ భుజాలకూ దిగడం, ఇదంతా టిక్స్ నడక. చాలామందిలో 4 నుంచి 7 ఏళ్ళ మధ్య మొదలవుతాయి, 10-12 ఏళ్ళప్పుడు జోరుగా ఉంటాయి, ఆ తర్వాత తగ్గుముఖం పడతాయి. మగపిల్లల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. కళ్ళ డాక్టరుకు చూపించి మంచి పని చేశారు. అలర్జీ, కళ్ళు పొడిబారడం, సైటు లాంటివి ముందు తేలిపోవాలి.

మీవారి వాదన చాలా ఇళ్ళలో వినిపించేదే. ఆయన్ని గడియారం ముందు కూర్చోబెట్టి, ఒక నిమిషం పాటు రెప్ప వేయకుండా పదిహేడో ఎక్కం పైకి చెప్పమనండి. మొదట్లో బాగానే ఆపుతారు. పదిహేడు ఆర్ల దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మండుతాయి, ఎక్కం తడబడుతుంది, చివరికి రెప్ప పడి తీరుతుంది. పడ్డాక హాయిగా ఉంటుంది. రెప్ప వేయడం ఆయన ఇష్టప్రకారం జరిగిందా, ఇష్టం లేకుండా జరిగిందా? మీ బాబు భుజం సంగతీ అంతే. లోపల ఒక గుంజుడు పుడుతుంది, భుజం ఎగరేస్తే అది చల్లారుతుంది, కాసేపటికి మళ్ళీ పుడుతుంది. పదేళ్ళు దాటిన పిల్లలు దీన్ని ‘లోపల లాగుతోంది’, ‘గొంతులో గరగరగా ఉంది’ అని చెప్పగలరు. ఏడేళ్ళవాడికి ఆ మాట తెలియదు, కొన్నిసార్లు తాను భుజం ఎగరేసిన సంగతే తెలియదు. ఇంకో మాట: ఎక్కం తప్పింది చూశారూ, క్లాసులో గంటసేపు టిక్ బిగబట్టుకుని కూర్చున్న పిల్లవాడి చదువుకూ అదే జరుగుతుంది.

కారణం మెదడు లోపలి పొరల్లో ఉంది. అక్కర్లేని కదలికలను అదుపులో పెట్టే బేసల్ గాంగ్లియా అనే భాగానికీ మెదడు పైపొరకూ మధ్య నడిచే వలయాల్లో బ్రేకు కొంచెం వదులుగా ఉంటుంది. ఇది చాలావరకు వంశంలో వచ్చేదే. చిన్నప్పుడు కళ్ళార్పిన మేనమామో బాబాయో ఉన్నారేమో రెండు వైపులా ఆరా తీయండి, తరచు ఒకరు బయటపడతారు. గారాబం వల్లా, ఫోను వల్లా రాదు. అరుపుల వల్ల రాదు కానీ, ఉన్నది పెరుగుతుంది.

పేరు విషయానికొస్తే, మొదలై ఏడాది కాకపోతే తాత్కాలిక టిక్ డిజార్డర్ అంటారు. ఏడాది దాటి, కదలికలు మాత్రమే గానీ శబ్దాలు మాత్రమే గానీ ఉంటే దీర్ఘకాలిక టిక్ డిజార్డర్. ఒకటికి మించి కదలికలూ, కనీసం ఒక శబ్దమూ కనిపించి, ఏడాది దాటి, 18 ఏళ్ళలోపు మొదలైనదైతే టూరెట్ సిండ్రోమ్. 1885లో తొమ్మిది మంది రోగుల వివరాలు ప్రచురించిన ఫ్రెంచి వైద్యుడు జిల్ ద లా టూరెట్ పేరు మీద వచ్చిందది. ముక్కు ఎగబీల్చడం శబ్దం కిందికే వస్తుంది కాబట్టి మీ బాబుకి రెండు రకాలూ ఉన్నట్టే, కానీ ఏడాది కాలేదు. ఇప్పుడే పేరు తగిలించాల్సిన పని లేదు. అవన్నీ ఒకే బాటలో ఉన్న మజిలీలు, టూరెట్ అన్నంత మాత్రాన టిక్స్ తీవ్రంగా ఉన్నాయని కాదు.

మామూలు టిక్స్‌కు ఈఈజీ, ఎమ్మారై అక్కర్లేదు. డాక్టరు చూసి, విని తేల్చేస్తారు. గదిలోకి రాగానే టిక్స్ మాయమైపోవడం మామూలే కాబట్టి, బాబు గమనించకుండా ఇంట్లో ఒకటి రెండు నిమిషాల వీడియో తీసి పట్టుకెళ్ళండి. అయితే కొన్ని లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయకూడదు. ఆ క్షణంలో పిలిచినా పలకకుండా చూపు నిలిచిపోతే మూర్ఛ సంగతి చూడాలి. పొద్దున లేవగానే చేతులు ఉలిక్కిపడి గ్లాసు జారిపోతున్నా అంతే. ఇంకొకటి, గొంతు నొప్పి వచ్చి తగ్గిన కొన్ని వారాలకో నెలలకో కాళ్ళూ చేతులూ నిలవకుండా మెలికలు తిరగడం, దస్తూరి ఒక్కసారిగా పాడవడం, అన్నం ముద్ద నోటిదాకా తిన్నగా వెళ్ళకపోవడం, నాలుక చాపి ఉంచమంటే లోపలికి జారిపోవడం. ఇది రుమాటిక్ జ్వరంతో వచ్చే కొరియా అనే కదలికల జబ్బు కావచ్చు. ఆ జ్వరం గుండె కవాటాలనూ దెబ్బతీయగలదు కాబట్టి ఎకో (గుండె స్కానింగు) తీయాలి. రుమాటిక్ జ్వరం మన దగ్గర ఇంకా పోలేదు. తేడా కనిపెట్టడం కష్టం కాదు: టిక్ ప్రతిసారీ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటుంది, కొరియా ఒకసారి ఉన్నట్టు ఇంకోసారి ఉండదు.

మీ అత్తయ్యగారు ఉప్పు తిప్పి పడేస్తే పోయేదేమీ లేదు. వాతలు పెట్టించడం, ముక్కులో పసరు పిండించడం మాత్రం ఒప్పుకోకండి. ఒక చిక్కు ఉంది. టిక్స్ వాటంతటవే కొన్ని వారాలు పెరుగుతాయి, కొన్ని వారాలు తగ్గుతాయి. బాగా పెరిగినప్పుడే మనం తాయెత్తుకో మందుకో పరుగెత్తుతాం. ఆ తర్వాత ఎలాగూ తగ్గాల్సినది తగ్గుతుంది, ఆ పేరు తాయెత్తుకు పోతుంది. కొత్త మందుకూ ఇలాగే పేరొస్తుంది, అదీ గుర్తుంచుకోండి.

ఇప్పటికి చేయాల్సింది తక్కువ. బాబు ముందు టిక్స్ ఊసెత్తకండి, ఎత్తితే అప్పటికప్పుడు పెరుగుతాయి. నిద్ర తగ్గనివ్వకండి. ‘ఆపు’ అనే మాట ఇంట్లో ఎవరి నోటా రాకూడదు, తాతయ్యతో సహా. భుజం నొప్పి పెట్టినా, బడిలో ఏడిపిస్తున్నా, వాడే బాధపడుతున్నా అప్పుడు వైద్యం. చూసేవాళ్ళకు ఎబ్బెట్టుగా ఉందని వైద్యం మొదలుపెట్టరు.

మా అమ్మాయికి 11 ఏళ్ళు. మెడ విదిలింపు, ‘హుఁ’ అనే శబ్దం రెండేళ్ళుగా ఉన్నాయి. క్లోనిడిన్ ఇచ్చి రెండు వారాలైంది, తేడా లేదు. ఇంకొకరు హాలోపెరిడాల్ రాశారు. ఏది వాడాలి? జన్మంతా వాడాలా? (ఒక తండ్రి, వరంగల్)

జన్మంతా అక్కర్లేదు. వయసుతో తగ్గే జబ్బు కాబట్టి, టిక్స్ నెమ్మదిగా ఉన్న కొన్ని నెలల తర్వాత మందు తగ్గించి చూడటం వైద్యంలో భాగమే. ఏ మందైనా టిక్స్‌ను పూర్తిగా తుడిచేయదు. సగానికి తగ్గాయంటే మందు బాగా పనిచేసినట్టే. సున్నా చేయాలని మోతాదు పెంచుకుంటూ పోతే టిక్స్ పోవు, పిల్ల మాత్రం మత్తుగా తిరుగుతుంది.

క్లోనిడిన్‌కు రెండు వారాలు చాలవు. మోతాదు మెల్లగా పెంచి, సరిపడా మోతాదు మీద నాలుగైదు వారాలు చూడాలి. ఇది నిజానికి రక్తపోటు మందు. మన షాపుల్లో మాత్ర ఎక్కువగా 100 మైక్రోగ్రాములది. పిల్లలకు తరచు పావో సగమో రాత్రిపూట మొదలుపెడతారు. చీటీ మీద మైక్రోగ్రామా మిల్లీగ్రామా అన్నది షాపులో ఒకటికి రెండుసార్లు చూసుకోండి, వెయ్యి రెట్ల తేడా. నిద్రమత్తు, నోరెండటం, గబుక్కున లేస్తే కళ్ళు తిరగడం ఉంటాయి. మొదలుపెట్టే ముందూ, మోతాదు పెంచినప్పుడల్లా బీపీ, నాడి చూడాలి. ఎక్కువ ప్రమాదం మరోచోట ఉంది: ఊరెళ్ళేటప్పుడు మాత్రలు మర్చిపోవడం. ఉన్నట్టుండి ఆపేస్తే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. ఆపాలంటే డాక్టరు చెప్పిన మెట్ల ప్రకారమే దిగాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే మాత్రలు బీరువాలో పెట్టి తాళం వేయండి. వాళ్ళు మింగితే గాఢమైన మగత, నాడి నెమ్మదించడం, ఊపిరి తగ్గడం వరకూ వెళుతుంది.

హాలోపెరిడాల్ టిక్స్ మీద పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. పాతది, చవకైనది. కానీ మొదటి మందుగా దాన్ని ఎంచుకోవడానికి మేం ఇష్టపడం. వాడిన మొదటి రోజుల్లోనే కొందరిలో మెడ ఒక పక్కకు మెలిపడి బిగుసుకుపోతుంది, కనుగుడ్లు పైకి తిరిగిపోతాయి, దవడ పట్టేస్తుంది. మెడ టిక్ ఉన్న పిల్లకు ఇలా అయితే తల్లిదండ్రులు టిక్ ముదిరిందనుకుని ఇంకో మాత్ర వేస్తారు. అలా చేయకండి. టిక్ క్షణంలో వచ్చి పోతుంది, ఇది పట్టుకుని వదలదు. వెంటనే ఆసుపత్రికి తీసుకెళితే విరుగుడు ఇంజెక్షనుతో చాలావరకు అరగంటలో సడలుతుంది.

క్లోనిడిన్‌తో పని కాకపోతే ఇప్పుడు ఎక్కువగా అరిపిప్రజోల్ గానీ రిస్పెరిడోన్ గానీ వాడుతున్నారు. రిస్పెరిడోన్‌తో ఆకలి విపరీతంగా పెరుగుతుంది. నెలనెలా ఒకే తూకం మీద బరువు చూసి రాసుకోండి, షుగరు, కొలెస్టరాల్ పరీక్షలు అప్పుడప్పుడూ చేయించండి. అరిపిప్రజోల్‌తో బరువు కొంత నయం గానీ, కొందరు పిల్లలు ఒకచోట కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతుంటారు.

మందు పని చేసిందా లేదా అన్నది గుర్తు మీద తేల్చకండి. రోజూ ఒకే సమయంలో, టీవీ చూసేటప్పుడనుకోండి, పది నిమిషాలు దూరం నుంచి లెక్కపెట్టి క్యాలెండరులో ఆ తేదీ కింద రాయండి. మందుకు ముందు రెండు వారాల అంకెలు ఉంటే ఆ తర్వాతవి మాట్లాడతాయి. లెక్కపెడుతున్నట్టు పిల్లకు తెలియకూడదు.

మందు లేకుండా సాధనతో టిక్స్ తగ్గించే పద్ధతి ఉందని విన్నాం. మా ఊళ్ళో నేర్పేవాళ్ళు లేరు. మా వాడికి 12 ఏళ్ళు, మెడ కుడివైపుకి విదిలిస్తాడు, కళ్ళార్పుతాడు, గొంతు సవరిస్తుంటాడు. ఇంట్లో చేయించవచ్చా? (ఒక తల్లి, హిందూపురం)

ఉంది. అన్నిటికన్నా ముందు వాడి చూడాల్సింది కూడా అదే. దీని మూలం 1973లో అజ్రిన్, నన్ అనే అమెరికన్ సైకాలజిస్టులు చెప్పిన హ్యాబిట్ రివర్సల్. దానికి మరికొన్ని కలిపి సీబిట్ అని పిలుస్తున్నారు. 2010లో వెలువడిన అమెరికా పరిశోధనలో 126 మంది పిల్లలకు పది వారాల్లో ఎనిమిది సిట్టింగులు ఇచ్చారు. సాధన నేర్చినవాళ్ళలో నూటికి 52 మందికి పైగా బాగా మెరుగైతే, మామూలు కౌన్సెలింగ్ పొందినవాళ్ళలో 18 మందికి పైగా మెరుగయ్యారు. మొదటి రెండు మూడు సిట్టింగులైనా తెలిసినవారి దగ్గర చేయించడం మంచిది. వీడియో కాల్ మీదా చేయవచ్చు. హిందూపురం నుంచి బెంగళూరులోని నిమ్హాన్స్ (మానసిక, నరాల వైద్య సంస్థ) దగ్గరే. మిగతా పాఠకులు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోను చేసి తెలుగులో మాట్లాడి, దగ్గరలో ఎవరున్నారో కనుక్కోవచ్చు.

మొదట ఒక్క టిక్‌ను ఎంచుకోండి. అన్నిటినీ కలిపి మొదలుపెడితే వారానికే విసుగొస్తుంది. మీకు ఎబ్బెట్టుగా కనిపించేదాన్ని కాకుండా మీ వాడిని ఎక్కువ బాధపెట్టేదాన్ని తీసుకోవాలి. మెడ అనుకుందాం. అద్దం ముందు కూర్చుని ఆ టిక్‌ను నెమ్మదిగా, ముక్కలు ముక్కలుగా చేసి చూపమనండి. మొదట ఏది కదులుతుంది? గడ్డమా, భుజమా? కదలకముందు ఎక్కడ ఏమనిపిస్తుంది? ‘చెవి కింద బిగుస్తుంది’ అన్నాడనుకోండి, వాడికి అదే హెచ్చరిక గంట. తర్వాత పది నిమిషాలు ఏదో మాట్లాడుకుంటూ, టిక్ వచ్చినప్పుడల్లా వేలెత్తమనండి. మొదట టిక్ అయిపోయాక ఎత్తుతాడు. కొన్ని రోజులకు టిక్ నడుమ, ఆ తర్వాత చెవి కింద బిగిసిన క్షణానే ఎత్తగలుగుతాడు. ఇక్కడిదాకా రాకుండా ముందుకు వెళ్ళకండి. ఇంట్లో చేసిన సాధన దెబ్బతినేది ఎక్కువగా ఈ మెట్టు దగ్గరే.

తర్వాత అడ్డుచర్య. గుంజుడు మొదలవగానే, టిక్‌తో పాటు ఏకకాలంలో చేయడం కుదరని కదలిక ఒకటి చేసి, గుంజుడు పోయేదాకా గానీ ఒక నిమిషం గానీ, ఏది ఎక్కువైతే అంతసేపు, నిలపాలి. మెడకు: చూపు ఎదురుగా, గడ్డాన్ని కొంచెం కిందికీ లోపలికీ లాగి, మెడ కండరాలను మెత్తగా బిగించడం. బలంలో మూడో వంతు చాలు, పూర్తిగా బిగిస్తే సాయంత్రానికి మెడ నొప్పి. కళ్ళకు: మూడు నుంచి ఐదు సెకన్లకొకసారి కావాలనే నెమ్మదిగా రెప్ప వేస్తూ, నడుమ నడుమ చూపు కిందికి దించడం. గొంతు సవరింపుకు: పెదవులు కలిపి ఉంచి, ముక్కుతో నెమ్మదిగా ఊపిరి తీసుకుని, అంతకన్నా నెమ్మదిగా వదలడం. భుజం ఎగరేతకు: మోచేతిని పక్కటెముకలకు ఆనించి భుజం కిందికి దించి ఉంచడం. ఏదైనా సరే, పక్క బెంచీవాడికి తెలియకుండా చేసేలా ఉండాలి, చేతిలో వస్తువు అక్కర్లేకుండా ఉండాలి.

రోజుకు రెండు విడతలు, విడతకు పదిహేను నిమిషాలు, టిక్స్ ఎక్కువగా వచ్చే వేళలో చేయించండి. మిగతా సమయంలో గుర్తొస్తే చేస్తాడు, లేకపోతే లేదు. మీ పని మెచ్చుకోవడం. ‘గడ్డం భలే పట్టుకున్నావు’ అనండి. మర్చిపోతే విడతకు ఒకసారి, వాడూ మీరూ ముందే అనుకున్న సైగతో గుర్తుచేయవచ్చు. అది వాడికి తిట్టులా వినిపిస్తోందంటే ఆ విడత ఆపేయండి. పోలీసు పాత్రలోకి జారిపోని తల్లిదండ్రులు తక్కువ, అందుకే ఈ మాట రాస్తున్నాం. స్టిక్కరో బిళ్ళో ఇస్తే సాధన చేసినందుకు ఇవ్వండి. టిక్స్ తగ్గినందుకు ఇస్తే పిల్లవాడు మీ ముందు బిగబట్టుకుంటాడు, అంతే.

ఈ సాధనలో రెండో సగం చాలామంది వదిలేస్తారు. టిక్ ఎక్కడ, ఎప్పుడు, దాని తర్వాత ఏం జరుగుతుందో ఒక వారం రాయండి. హోంవర్కు దగ్గర గొంతు సవరింపు పెరుగుతుంది, మీకు జాలేసి ‘సర్లే, రేపు రాద్దువు’ అంటారు. వాడు నాటకమాడటం లేదు, కానీ టిక్‌కూ హోంవర్కు తప్పడానికీ మెదడులో లంకె పడిపోతుంది. బ్రేకు ఇవ్వండి, అయితే గడియారం చూసి ఇవ్వండి. టిక్ వచ్చినా రాకపోయినా ఇరవై నిమిషాల రాతకు ఐదు నిమిషాల విరామం.

ఒక టిక్ రెండు వారాల్లో నెమ్మదిస్తే తర్వాతదానికి వెళ్ళండి. తొమ్మిదేళ్ళలోపు పిల్లలకు ముందస్తు గుంజుడు తెలియక ఈ సాధన అంతగా పట్టుబడదు. టిక్స్‌ను ఇలా ఆపితే రెట్టింపై తిరిగి వస్తాయన్న భయం కొందరికి ఉంది. పరిశోధనల్లో అలా జరగలేదు.

మా ఏడో తరగతిలో ఒక అబ్బాయి మధ్య మధ్య కూతలాంటి శబ్దం చేస్తాడు. క్లాసంతా నవ్వుతుంది. తోటి టీచరొకరు వాడిని బయట నిలబెడుతున్నారు. డాక్టరు చీటీ ఉంది. నేనేం చేయాలి? (ఒక ఉపాధ్యాయిని, ప్రకాశం జిల్లా)

బయట నిలబెట్టడం సంగతి ముందు. విద్యాహక్కు చట్టం, 2009లోని 17వ సెక్షన్ శారీరక శిక్షనే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. ఆ చీటీ జిరాక్సు ఒకటి హెడ్మాస్టరు గారికిచ్చి, పాఠాలు చెప్పే అందరికీ తెలియజేయమనండి.

ముందు బెంచీలో కూర్చోబెట్టకండి, వెనకున్న నలభై జతల కళ్ళు వాడి మెడ మీదే ఉంటాయి. పక్క వరసలో, తలుపు దగ్గర, చివరి నుంచి రెండో బెంచీ మేలు. శబ్దాన్ని విననట్టే పాఠం సాగించండి. మీరు ఒక్క క్షణం ఆగితే క్లాసంతా వాడివైపు తిరుగుతుంది. వాడికి బిగబట్టడం కష్టమైనప్పుడు రిజిస్టరు ఆఫీసులో ఇచ్చిరమ్మనండి. పంపే సాకు గౌరవంగా ఉండాలి. రెండు నిమిషాలు చాలు.

తోటి పిల్లలకు చెప్పాలంటే ముందు వాడి ఇష్టం, తల్లిదండ్రుల ఇష్టం కనుక్కోండి. ఒప్పుకుంటే పది నిమిషాల్లో ఇలా చెప్పవచ్చు: ‘ఎక్కిళ్ళు వస్తే మనం ఆపుకోగలమా? వీడికి గొంతులో అలాంటిదే ఉంది. అంటుకోదు. తెలివికీ దీనికీ సంబంధం లేదు. మనం పట్టించుకోకపోతే తగ్గుతుంది, నవ్వితే పెరుగుతుంది.’ కొందరు చెప్పేటప్పుడు వాడు క్లాసులో ఉండాలంటారు, కొందరు ఉండొద్దంటారు. వాడినే అడగండి.

కళ్ళ టిక్స్ ఉన్నవాళ్ళకు చదివే వరస తప్పిపోతుంది, పంక్తి కింద స్కేలు పెట్టుకోనివ్వండి. పరీక్షల్లో వేరే గది, అదనపు సమయం కావాలంటే హెడ్మాస్టరు ద్వారా బోర్డు అనుమతి తెచ్చుకోవాలి. హాల్‌టికెట్లు వచ్చాక కాకుండా విద్యా సంవత్సరం మొదట్లోనే అడగండి.

మార్కులు పడిపోతుంటే టిక్స్‌నే అనుమానించకండి. టూరెట్ ఉన్న పిల్లల్లో సుమారు సగం మందికి ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత, నిలకడ లేకపోవడం), మూడో వంతుకు పైగా పిల్లలకు ఓసీడీ (ఒకే ఆలోచన, ఒకే పని పదే పదే వదలకపోవడం) లక్షణాలు తోడుంటాయి. నోటు పుస్తకం తెరిచి చూడండి. ఒకే అక్షరం ‘సరిగ్గా రాలేదని’ చెరిపి చెరిపి కాగితం చిల్లుపడి ఉంటే ఆ సంగతి తల్లిదండ్రులకు తప్పక చెప్పండి. చాలామంది పిల్లలను ఎక్కువ కుంగదీసేవి ఇవే, వీటికి వైద్యం ఉంది. ఏడీహెచ్‌డీ మందు మిథైల్‌ఫెనిడేట్ చాలామంది పిల్లల్లో టిక్స్‌ను పెంచదు కూడా.

మా పాపకు 15 ఏళ్ళు. పోయిన నెల రెండు రోజుల్లో, ఏ ముందు సూచనా లేకుండా, ఛాతీ మీద గుద్దుకోవడం, ఏవేవో మాటలు అరవడం మొదలైంది. అంతకుముందు టూరెట్ ఉన్నవాళ్ళ వీడియోలు తెగ చూసేది. నటిస్తోందా? (హైదరాబాద్)

నటన కాదు, బహుశా టూరెట్ కూడా కాదు. టూరెట్ చిన్న వయసులో, ముఖంలో, చిన్నగా మొదలై ఏళ్ళ తరబడి పెరుగుతుంది. పదిహేనేళ్ళకు, రెండు రోజుల్లో, చేతులతో, మాటలతో విరుచుకుపడేది ఎక్కువగా ఫంక్షనల్ టిక్స్, అంటే చూడటానికి టిక్స్‌లా ఉన్నా వేరే రకం, కావాలని చేసేవి మాత్రం కావు. 2020 తర్వాత, కరోనా కాలంలో, చాలా దేశాల్లో ముఖ్యంగా టీనేజీ ఆడపిల్లల్లో ఇవి కనిపించాయి. ఆందోళన, దిగులు తరచు వెనక ఉంటాయి. టిక్స్ మందులు వీటి మీద అంతగా పనిచేయవు. చేయాల్సినవి ఇవి: వీడియోలు ఆపడం, ఇంట్లో ఎవరూ ఆ టిక్స్ చూసి హడావుడి పడకపోవడం, ఫోనులో తీసి బంధువులకు పంపకపోవడం, బడి మాన్పించకపోవడం, అసలు దిగులేమిటో సైకాలజిస్టు దగ్గర తేల్చుకోవడం. చాలామంది కోలుకుంటారు.

టూరెట్ అంటే బూతులు తిట్టడమేనా? తిండిలో ఏం మానాలి? (విశాఖపట్నం)

బూతులు రావడం నూటికి పది, పదిహేను మందిలోనే. సినిమాలకు అదే కావాలి గనక అదే ప్రచారమైంది. తిండి మానితే తగ్గుతాయని రుజువు లేదు. కాఫీ, కూల్‌డ్రింకులు నిద్ర చెడగొడతాయి కాబట్టి సాయంత్రాలు వద్దు. గోధుమలు, పాలు మాన్పించి పిల్లను ఎండబెట్టకండి.

డాలస్‌లో ఉంటాం. పదేళ్ళ మా బాబుకి టూరెట్. ఇక్కడి బడిలో 504 ప్లాన్ (ఇలాంటి ఇబ్బంది ఉన్న పిల్లలకు బడి రాసిచ్చే ప్రత్యేక సదుపాయాల ఏర్పాటు) ఉంది, ఇబ్బంది లేదు. వేసవికి గుంటూరు వస్తున్నాం. పోయినసారి ప్రతి చుట్టమూ ‘ఏంటమ్మా వీడలా చేస్తాడు’ అన్నారు. వాడు రానంటున్నాడు. (ఒక తల్లి)

బయల్దేరే ముందే కుటుంబం వాట్సప్ గ్రూపులో నాలుగు వాక్యాలు పెట్టండి. వాయిస్ మెసేజీ అయితే పెద్దవాళ్ళకు ఇంకా సులువు: ‘వాడికి టిక్స్ అనే నరాల ఇబ్బంది ఉంది. డాక్టరు చూస్తున్నారు. కావాలని చేయడు. చూసినా ఏమీ అనకండి, అదే మీరు చేసే సాయం.’ ఇంట్లో మాట చెల్లే పెద్దావిడ ఒకరిని, అమ్మమ్మనో పెద్దమ్మనో, ముందుగా ఫోనులో ఒప్పించుకోండి. పెళ్ళిలో పదిమంది నోళ్ళు మీకన్నా బాగా ఆవిడే మూయించగలరు. బాబుకి కూడా ఒక జవాబు నేర్పండి: ‘అది నా టిక్ అత్తా, దానంతటదే పోతుంది.’ నాలుగైదుసార్లు ఇంట్లో చెప్పించండి.

దిగిన మొదటి వారం నిద్ర వేళలు తారుమారై టిక్స్ పెరుగుతాయి, కంగారు పడకండి. ఆ వారం చుట్టాలిళ్ళు పెట్టుకోకండి. క్లోనిడిన్ లాంటిది వాడుతుంటే మాత్రలు చెక్-ఇన్ సామానులో వేయకండి. చేతి సంచిలో, చీటీతో సహా, వారం రోజులకు అదనంగా ఉంచుకోండి. రెండు మోతాదుల మధ్య ఎంత ఎడం ఉండాలో, ప్రయాణంలో గడియారం మారినా అంతే ఎడం పాటించేలా మీ డాక్టరుతో ముందే రాయించుకోండి.

నాకు 19. మెడ టిక్ ఎనిమిదేళ్ళుగా ఉంది, గట్టిగా వెనక్కి విదిలిస్తాను. ఇది పోతుందా? పెళ్ళి, ఉద్యోగం సంగతేమిటి? ఈ మధ్య రెండు చేతుల వేళ్ళలో తిమ్మిర్లు వస్తున్నాయి, చొక్కా గుండీలు పెట్టుకోవడం కష్టమవుతోంది. (కాకినాడ)

మీరు చివర రాసిన విషయమే ముందు చూడాలి. ఏళ్ళ తరబడి మెడను బలంగా విదిలిస్తే మెడ వెన్నుపూసల డిస్కులు అరిగి, లోపలి వెన్నుపాము నలిగే అవకాశం అరుదుగానైనా ఉంది. వేళ్ళ తిమ్మిరి, గుండీలు పెట్టలేకపోవడం దానికి తొలి గుర్తులు కావచ్చు. ఈ వారమే న్యూరాలజిస్టును కలిసి మెడకు ఎమ్మారై తీయించండి. నడకలో తూలు వచ్చినా, మూత్రం మీద పట్టు తప్పినా ఆ రోజే ఎమర్జెన్సీకి వెళ్ళండి. అప్పటిదాకా మెడ మసాజులు, ‘నరం సర్దే’ వాళ్ళ దగ్గరికి వెళ్ళడం పూర్తిగా మానండి. ఇలాంటి మెడ టిక్‌కు కండరంలో వేసే బొటాక్స్ ఇంజెక్షను ఉపయోగపడుతుంది, సుమారు మూడు నెలలకొకసారి వేయాలి. డాక్టరును అడగండి.

పోతుందా అంటే, యుక్తవయసు దాటేసరికి రమారమి మూడో వంతు మందికి దాదాపు పోతాయి, ఇంకో మూడో వంతుకు చాలా తగ్గుతాయి, మిగతావారికి ఉంటాయి. ఉన్నవాళ్ళు కూడా చదువుతున్నారు, ఆపరేషన్లు చేస్తున్నారు, బండ్లు నడుపుతున్నారు. పెళ్ళిచూపుల్లో దాచకండి. గంటసేపు బిగబట్టుకోగలరేమో గానీ కాపురమంతా బిగబట్టుకోలేరు. బండి సంగతి మాత్రం, తల వెనక్కి పోతే ఆ క్షణం రోడ్డు కనపడదు కాబట్టి, ఎమ్మారై ఫలితం వచ్చి డాక్టరు సరేననేదాకా తాళాలు ఇంట్లో ఇచ్చేయండి.